మజ్జిగ తాగి వెళ్ళిన మనిషి

మా నాన్నకి ఎనభై ఆరేళ్ళు. చెవులు బాగానే వినిపిస్తాయి, మోకాళ్ళే మాట వినవు. మా అనంతపురం ఇంట్లో ఏటా మహాలయ అమావాస్యకి పెద్దలకు బట్టలు పెడతాడు. గోడవారగా పీట వేసి, పసుపు బొట్లు పెట్టి, కొత్త పంచె, కొత్త చీర మడతలుగా సర్ది, ముందు ఆకు వేసి వడ్డించి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. తన నానమ్మని, తల్లిని, తండ్రిని, చిన్నాన్నని పిలిచి అక్కడితో ఆగిపోతాడు. తాతని మాత్రం పిలవడు. ఆయన పోయాడని ఇంతవరకూ ఎవరూ వచ్చి చెప్పలేదు.

ఆ తాత, అంటే నా ముత్తాత, బందరు మనిషి. సరుకుల ఓడల్లో సరంగు, అంటే ఖలాసీల మీద పెద్ద. రంగూన్‌ని అప్పటివాళ్ళు రంగం అనేవారు కదా, ఆ రంగానికి వెళ్ళొస్తూ ఉండేవాడట. ఒకసారి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఇది జరిగి తొంభై ఏళ్ళు దాటి ఉంటుంది. ఇంకా బతికి ఉంటే ఆయనకి నూట ముప్పై పైమాటే కదా అంటే నాన్న ఒప్పుకోడు. లెక్క వేరు, కబురు వేరు అంటాడు.

ఈ శ్రావణంలో ఒకపూట అన్నం దగ్గర కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు. "నేను పోతే నాకు నువ్వు పెడతావు. అక్కడ మా తాత ఎదురుపడి నాకేదిరా అంటే ఏం చెప్పమంటావు?"

కనుక్కుంటాలే అన్నాను. కరెంటు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయినవాణ్ణి, తీరిక బోలెడు. పాత ఓడల సిబ్బంది జాబితాలు కంప్యూటరులో దొరుకుతాయని ఎవరో అంటే వాటి ముందు రోజుల తరబడి కూర్చున్నాను. దొరలకైతే పేరు, వయసు, పుట్టిన ఊరు అన్నీ ఉన్నాయి. నేను చూసిన వాటిలో మనవాళ్ళకి చాలాచోట్ల ఇంతమంది ఖలాసీలు అని ఒక్క అంకె, అంతే. కళ్ళు మండటం తప్ప ఒరిగిందేమీ లేదు. చివరికి మా ఆవిడే, ఆ తెర ముందు నుంచి లేచి ఒకసారి మీ బందరు వెళ్ళి రారాదూ అని సంచీ సర్దేసింది.

గుడివాడ

ముందు గుడివాడలో దిగాను. నాన్నకి అక్క, మా మేనత్త, అక్కడే ఉంది. తొంభైకి దగ్గర పడుతోంది, గొంతు మాత్రం తగ్గలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఏరా, మీ ఊళ్ళో నీళ్ళొస్తున్నాయా?" అంది. డెల్టా వాళ్ళు సీమవాళ్ళని అడిగే మొదటి ప్రశ్న అదే. వస్తున్నాయన్నా నమ్మరు. నమ్మకపోవడంలో తప్పు లేదు. నేను వచ్చిన దారంతా కాలవలు గట్ల నిండా పారుతున్నాయి, వాటిలో గేదెలు మా ఊరి వాళ్ళకి లేని వైభవంతో పడుకుని ఉన్నాయి.

అత్తయ్య కోడలు పెసరట్లు వేసింది. అల్లం పచ్చడి అంత తీపిగా ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు. మా వైపు పచ్చడంటే కళ్ళలో నీళ్ళు తిరగాలి. ఆ మాట పైకి అన్నాను, అనకుండా ఉండాల్సింది. మధ్యాహ్నం గోంగూరలో పచ్చిమిరపకాయలు ఎన్ని వేసిందో ఏమో, తల ప్రాణం తోకకి వచ్చింది. అత్తయ్య మంచం మీద కూర్చుని నవ్వింది.

తర్వాత పెట్టె తీయించింది. అందులో బందరులోని పాత ఇంటి దస్తావేజు ఉంది. మా ముత్తవ్వని అత్తయ్య మామ్మ అంటుంది. పేరు అంకమ్మ. మావాళ్ళు అనంతపురం తరలేముందు ఆ ఇల్లు అమ్మిన రోజు పదేళ్ళ పిల్లగా అత్తయ్య కూడా రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళిందట. దస్తావేజు రాసేవాడు భర్త పేరడిగాడు. మొగుడి పేరు మామ్మ చెప్పదు కదా, పక్కనుంచి ఆమె కొడుకు, మా తాత, అందుకుని నాంచారయ్య అన్నాడు. రాసేవాడు ఏళ్ళ తరబడి అలవాటైన చేత్తో ముందర "లేటు" అని తగిలించి చదివి వినిపించాడు. మామ్మ తన నుదుటి మీది కుంకుమ బొట్టు చూపించి, "దీన్ని చూసి రాయవయ్యా" అంది. కాగితం మళ్ళీ మొదటినుంచి రాశాడు.

నేను ఆ కాగితం చూశాను. నాంచారయ్య భార్య అంకమ్మ. ముందర లేటు లేదు.

అంత నమ్మకం ఎక్కడిది అత్తయ్యా అని అడిగాను. అప్పుడు చెప్పింది. ముత్తాత ఆఖరిసారి వెళ్ళిన ఏడాదికో ఏమో, ఎండలో ఒక మనిషి ఇంటికి వచ్చాడట. మామ్మకి తెలిసినవాడే. దివిసీమ వాడు, ఏడుకొండలు, ముత్తాతతో కలిసి ఓడెక్కిన జోడు. గుమ్మంలో నిలబడ్డాడు. మామ్మ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. తాగాడు. ఇక వస్తానమ్మా అని వెళ్ళిపోయాడు.

"అంతేనా?"

"అంతే. చావుకబురు తెచ్చినవాడు ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడురా. గడప బయటే నిలబడి చెప్పి పోతాడు. వీడు గ్లాసెడు మజ్జిగ తాగాడు. అంటే ఆయన ఉన్నట్టే కదా."

మామ్మ బతికిన మరో ముప్ఫై ఏళ్ళూ ఆ మజ్జిగ మీదే బొట్టు నిలబెట్టుకుంది. మా తాత దివిసీమ వెళ్ళి ఆ ఏడుకొండలుని అడిగి వస్తానంటే ఒప్పుకోలేదట. ఉన్న మనిషి గురించి వాకబు చేయడమేమిటి, అడిగితే పోయాడని మనం అనుకున్నట్టే కదా అందట. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నాన్నకి ఏడుకొండలు పేరు కూడా తెలియదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నేను దొరల జాబితాలు తిరగేశాను.

పెడన

బందరు బస్సు పెడనలో ఆగితే దిగాను. నాన్న ఆజ్ఞ ఒకటుంది. పెడన పంచె ఒకటి తేవాలి. సంగతి తేలితే తాతకి పెడతాడు, తేలకపోతే నేను కట్టుకోవాలి.

కలంకారీ దుప్పట్లు ఆరేసిన సందులోంచి వెళ్తే చిన్న కొట్టు. కొట్టాయన నాకంటే పెద్దవాడు, చేతివేళ్ళకి రంగు అంటి ఉంది. పంచె ఎనిమిది వందలన్నాడు. నేను ఆరు వందలన్నాను. దేనికండీ అని అడిగాడు. పెద్దలకి పెట్టడానికన్నాను. ఆయన ముఖం మారింది. పెద్దలకి పెట్టేదానికి బేరమాడకూడదని నెమ్మదిగా చెప్పాడు. మా వైపు దేనికైనా బేరమాడతాం, దేవుడి తలుపు గడియకైనా సరే.

అసలు ఆ పెద్దాయన పోయిందీ లేనిదీ తెలియదండీ, అది తెలుసుకోడానికే వెళ్తున్నాను అన్నాను. కొట్టాయన కాసేపు ఆలోచించి, అయితే ఏడు వందలివ్వండి, ఉన్నవాళ్ళకి కొంచెం తగ్గించొచ్చు అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు. నిజంగానే లెక్క వేసి చెప్పాడు.

బందరు

బందరులో మొదటి పని లడ్డు కొనడం. నెయ్యి చేతికి అంటుతుంది, నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పని లేదు. నాన్నకి పళ్ళు లేవు కాబట్టి అరకిలో తీసుకున్నాను. లాడ్జిలో నేనే సగం తినేశాను. మర్నాడు మళ్ళీ కొన్నాను.

ముత్తాత ఇల్లున్న చోట ఇప్పుడు ఫొటో స్టూడియో ఉంది. పాత కాగితాల కోసం ఒకటి రెండు ఆఫీసుల్లో అడిగాను. కూర్చోబెట్టి టీ ఇప్పించారు గానీ, అంత పాతవి ఇక్కడ ఉండవండీ అన్నారు. బాధ కలగలేదు. ఉన్నా అందులో మా వాడు ఒక అంకెగానే ఉండేవాడు.

ఆటో ఎక్కి గిలకలదిండి వెళ్ళాను. చేపల పడవలు వచ్చే రేవు. బురదలో నా ఎడమకాలి చెప్పు దిగబడిపోయి ఎంత లాగినా రాలేదు. ఎండుచేపలు పరుచుకుని కూర్చున్న ఒక ఆమె అదంతా చూస్తూ, లాగితే తెగుతుందండీ, కాలు తీసేసి తర్వాత చెప్పు తీయండి అంది. అలాగే వచ్చింది. ఆ చనువుతో పక్కనే కూర్చుని, దివిసీమలో ఓడల మీద రంగం వెళ్ళొచ్చిన ఏడుకొండలనే ఆయన వాళ్ళెవరైనా తెలుసా అని అడిగాను.

"ముందు చేపలు తీసుకోండి, బోణీ కాలేదు" అంది.

కిలో తీసుకున్నాను. అప్పుడు చెప్పింది, ఆమె పుట్టిల్లు దివిసీమేనని. నాగాయలంక దాటాక తమ ఊళ్ళో ఓడోళ్ళ ఇల్లని ఒకటుందనీ, తిరపతమ్మ అనే పెద్దావిడ ఉంటుందనీ, వాళ్ళ తాత పేరు ఏడుకొండలేననీ. అంత తేలిగ్గా చెప్పేసరికి నమ్మబుద్ధి కాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఇక్కడ కిలో ఎండుచేపలు కూడా కావాలి.

మోపిదేవి బస్సు

ఆ ఎండుచేపలు మర్నాడు నా పరువు తీశాయి. అవనిగడ్డ బస్సు సగం మోపిదేవి వెళ్ళే భక్తులతో నిండింది. నా పక్కన తడితల ముడేసుకున్న ఒక పెళ్ళయిన అమ్మాయి, ఆమె ఒళ్ళో పుట్టువెంట్రుకలు తీయించాల్సిన పిల్లాడు. పుట్టలో వెయ్యడానికి పాలు, గుడ్లు ఉన్న బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుంది. చల్లపల్లి దాటేసరికి నా సంచీలోంచి వాసన మొదలైంది. ఆ అమ్మాయి ముందు పిల్లాడి వైపు అనుమానంగా చూసింది, తర్వాత ముందు సీట్లో ఉన్న వాళ్ళాయన వైపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు, తెల్ల చొక్కా, కళ్ళజోడు చూసి కాబోలు. నేను కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాను.

ఆమె మాటల్లో పెట్టింది. పిల్లాడికి ఇంకా పేరు పెట్టలేదట, అత్తగారు చనిపోయిన మామగారి పేరు పెట్టాలంటుంది, పెడితే కోడలు పిల్లాణ్ణి ఎలా తిట్టాలి? అది పెద్ద సమస్యే. మా ఇంట్లో నాంచారయ్య పేరు ఎవరికీ ఎందుకు పెట్టలేదో అప్పుడు తట్టింది. పోయినవాడి పేరే పెట్టుకునే ఇల్లు మాది.

మోపిదేవిలో వాళ్ళు దిగారు. దిగుతూ ఆ అమ్మాయి, "బాబాయిగారూ, ఆ సంచీ మూతి గట్టిగా కట్టుకోండి" అంది. ముందునుంచీ తెలుసన్నమాట.

నాగాయలంక దాటాక

ఊరి పేరు రాయొద్దని తిరపతమ్మగారు అడిగారు, రాయను. నాగాయలంక నుంచి ఆటోలో వెళ్ళాలి. ఒకవైపు రొయ్యల చెరువులు, ఒకవైపు మడచెట్లు, గాలిలో ఉప్పు. కృష్ణ అక్కడికి వచ్చేసరికి తొందరలన్నీ తీరి వెడల్పుగా పరుచుకుంటుంది.

తిరపతమ్మగారికి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. వరండాలో కూర్చుని చింతకాయలు ఒలుస్తున్నారు. నేను బందరు నుంచి వచ్చాననీ, మా ముత్తాత ఓడ సరంగు అనీ, మీ తాతగారితో కలిసి పనిచేశాడనీ మాత్రమే చెప్పాను. మజ్జిగ మాట ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదు.

ఆమె చేతిలో చింతకాయ పళ్ళెంలో పెట్టేశారు. 

"బందరు తాత తాలూకా?" అన్నారు.

లోపలికి తీసుకెళ్ళారు. ఫొటోలు, కాగితాలు ఏమీ లేవు, డెబ్బై ఏడు ఉప్పెనలో ఇల్లే పోయిందట. ఇద్దరు అన్నదమ్ములు, ఒక కూతురు కూడా. అప్పటినుంచీ పెద్దలకి పెట్టే పని ఆమె మీదే పడింది. మా ఇంట్లోలాగే మహాలయ అమావాస్యకే పెడతారట. తాతకి, నానమ్మకి, తండ్రికి, అన్నదమ్ములకి, కూతురికి. చివర ఒక ఆకు, ఒక తువ్వాలు బందరు తాతకి. ఆయనెవరో ఆమెకి పేరు కూడా తెలియదు. వాళ్ళ తాత పెట్టమన్నాడు, పెడుతున్నారు.

తాత ఏమని చెప్పాడమ్మా అని అడిగాను. ఆమె చిన్నప్పుడు ఆయన పదేపదే చెప్పిన మాటేనట. రంగం దారిలో జోడుకి జ్వరం తగిలింది. మూడో పూటకి పోయాడు. గోనెలో చుట్టి, కాళ్ళకి ఇనుము కట్టి సముద్రంలో దించారు. ఊరికి రాగానే కబురు చెబుదామని తాత బందరు వెళ్ళాడు.

"ఎండలో పడి నడిచెళ్ళాడంట బాబూ. గుమ్మంలో నిలబడి నోరు తెరిచేలోపు ఆ తల్లి మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టిందంట. ఇంత బొట్టు పెట్టుకుని. దాహం మీద ఉన్నాడు, తాగేశాడు. తాగాక గుర్తొచ్చింది. తాగినోడు ఆ కబురు ఎట్టా చెబుతాడు? ఆ ఇంటికి ఎంత కీడు? ఇంకోసారి వెళ్ళి చెబుదామని వచ్చేశాడు. రెండు మూడుసార్లు బందరు దాకా వెళ్ళి, ఆ వీధి మొగలోంచే తిరిగొచ్చాడంట."

నేను ఏడ్చాను. అరవై దాటిన మగవాణ్ణి, పరాయి ఇంట్లో, ఎండుచేపల సంచీ పక్కన పెట్టుకుని ఏడ్చాను. దాహానికి ఇచ్చిన ఒక గ్లాసు మజ్జిగ. అటు ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఆశ పెట్టుకుంది, ఇటు ఈయన నోరు కట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

ఆ తర్వాత తాత మజ్జిగ ముట్టలేదని తిరపతమ్మగారు చెప్పారు. పోయేదాకా ముట్టలేదట. ఇప్పటికీ అమావాస్యనాడు ఆ ఇంట్లో అన్నీ వడ్డిస్తారు, మజ్జిగ వడ్డించరు.

శవం కూడా దక్కని మనిషి కదమ్మా, మా ఇంట్లో పోయాడని ఎలా అనుకోవాలో తెలియక పెట్టలేదు అన్నాను, తప్పు చేసినవాడిలా. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"మా ఊళ్ళో సగం మందికి శవం దొరకలేదు. దొరకలేదని ఆకలితో ఉంచుతామా?"

తర్వాత అడగాలా వద్దా అన్నట్టు అడిగారు. మీరొచ్చారు కదా, ఇక మీరు పెట్టుకుంటారా, మేము ఆపెయ్యాలా? ఆ గొంతులో భయం ఉంది. ఇన్నేళ్ళ ఇంటిమనిషిని పంపించెయ్యమంటానేమోనని భయం.  నాన్నకి ఫోను చేసి మొత్తం చెప్పాను.  

"ఆపొద్దని చెప్పు" అన్నాడు నాన్న. "తొంభై ఏళ్ళు అన్నం పెట్టిన ఇల్లు. ఆయన పేరు నాంచారయ్య అని చెప్పు. పేరు పెట్టి పిలవమను."

తిరపతమ్మగారు ఆ పేరు నెమ్మదిగా రెండుసార్లు అనుకున్నారు. భోజనం చేసి వెళ్ళమన్నారు. పీతల పులుసు, చింతకాయ పచ్చడి, మా వైపు లెక్కలోనూ కారమే. చివర్లో నాకు మజ్జిగ పొయ్యబోయి ఆగి, మీకు ఫరవాలేదా అని అడిగారు. పొయ్యమన్నాను.

అమావాస్య

ఎండుచేపలు మా ఆవిడ పెరట్లోనే ఆపేసింది. లడ్డు నాన్నకి దక్కింది. పంచె మాత్రం అమావాస్య దాకా బీరువాలో ఉంచాం.

ఆ రోజు నాన్న పీట ముందు ఎప్పటిలాగే కూర్చున్నాడు. నానమ్మని, తల్లిని, తండ్రిని, చిన్నాన్నని పిలిచాడు. తర్వాత పెడన పంచె రెండు చేతులతో పీట మీద పెట్టి, "తాతా, నాంచారయ్యా, రా" అన్నాడు.  మా ఇంట్లో ఆ పేరు పైకి పిలవడం నేను వినలేదు, ఆయనా వినలేదు. ఎప్పుడూ పిలవని పేరు కాబట్టి రెండోసారి కొంచెం గట్టిగా పిలిచాడు.

వడ్డన అయ్యాక మా ఆవిణ్ణి ఇంకో ఆకు వెయ్యమన్నాడు. పీటకి ఎదురుగా కాదు, గడప దగ్గర, లోపలివైపు. దాని పక్కన గ్లాసు నిండా మజ్జిగ పెట్టించాడు.

ఏడుకొండలు తాత మజ్జిగ మానేశాడు కదా నాన్నా అన్నాను.

"ఇప్పుడు తాగొచ్చులే. చెప్పాల్సింది చెప్పేశాడుగా" అన్నాడు.